మూడో చీటీ

ఆ వేసవిలో మా తమ్ముడికి వచ్చిన ఉత్తరంలో మూడో వంతు అబద్ధం. ఆ మూడో వంతూ నాదే. లెక్కల్లో నేను గట్టిదాన్నని పేరుంది కాబట్టే ఫాదర్‌గారు చీటీల పెట్టె నా చేతికిచ్చారు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ సుఖం.

అది మంచి కాపరి ఆదివారం. ఫాదర్లుగా పనిచేసే గురువులు కావాలి, సిస్టర్లు కావాలి అని చర్చి మొత్తం ప్రార్థించే రోజు. ఏటా ఆ రోజు మోకాళ్ల మీద పడి పనివాళ్లను పంపు ప్రభువా అని పైకి అడగడం, మా ఇంటి మీదికి మాత్రం నీ చూపు పడనీయకు అని లోపల చేర్చుకోవడం, ఇంటికెళ్లి భోంచేసి పడుకోవడం, ఇదీ మా వరస. ఆ ఏడు ఫాదర్‌గారు మమ్మల్ని అంత తేలిగ్గా వదల్లేదు. ప్రసంగం సగంలో ఆపేసి, వరసకిన్నని చీటీలు, పెన్సిళ్లు పంచిపెట్టించారు. ఈ చర్చిలో గురువుగానో సిస్టర్‌గానో ఎవరు పనికొస్తారని మీకనిపిస్తోంది, ఒక్క పేరు రాయండి అన్నారు. దేవుడు పిలిచేటప్పుడు ఒక్కోసారి పక్కవాళ్ల గొంతు అరువు తెచ్చుకుంటాడట. మూడు చీటీలో, అంతకంటే ఎక్కువో ఎవరికొస్తే వాళ్లకి తనే స్వయంగా ఉత్తరం రాస్తానన్నారు.

మూడే ఎందుకని ముందు వరసలో ఎవరో అడిగారు. “ఒకటొస్తే కన్నతల్లి రాసుంటుంది. రెండొస్తే తల్లీ, తల్లి స్నేహితురాలూ. మూడోది వస్తే అప్పుడు నేను నమ్ముతాను” అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకెవరూ తోచక నా చీటీ ఖాళీగానే మడిచి పెట్టెలో పడేశాను.

నాది కుట్టుపని. వీధి వైపు గదిలో మిషను పెట్టుకుని ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, ఒళ్లు చేసినవాళ్ల బట్టలు వదులు చేసి ఆ సంగతి వాళ్లతో అనకుండా నోరు కుట్టేసుకుంటాను. చర్చిలో పూజవస్త్రాల చిరుగులూ నావే. అందుకని వస్త్రాల గది తాళం నా కొంగునే ఉంటుంది. ఆ మధ్యాహ్నం ఆ గదిలో బల్ల మీద పెట్టె బోర్లించి లెక్కపెట్టాను. నూట నలభై ఆరు చీటీలు. ఒకరు ఫాదర్‌గారి పేరే రాశారు, ఆయనింకా కాలేదనుకున్నారో ఏమో. ఎవరో కోడలు తన అత్తగారి పేరు రాసి, పక్కన ‘వీలైనంత దూరపు మఠానికి’ అని చేర్చింది. పదకొండు చీటీలు ఖాళీ. మా తమ్ముడి పేరు మీద రెండున్నాయి.

ఒకటి అమ్మది. ఆవిడ రాత నాకు తెలియకపోవడమేమిటి, ప్రతి అక్షరమూ కుడి పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. రెండోది సన్నటి గుండ్రటి రాత. ఎవరిదో ఈనాటికీ నాకు తెలియదు.

తమ్ముడు నాకంటే పదమూడేళ్లు చిన్న. ఇరవై ఎనిమిది నిండాయి. లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ చలికాలం చివర్లో ఒక భవనంలో పనిచేస్తుండగా వాడి మేస్త్రి కాలు జారి లిఫ్టు గుంతలో పడిపోయాడు. నాలుగంతస్తులు. వీడు కిందికి దిగి, సాయం వచ్చేదాకా ఆయన పక్కనే ఉన్నాడు. సాయం వచ్చేసరికి దాంతో పని లేకపోయింది. అప్పటి నుంచీ వీడు పనికెళ్తున్నాడు, వస్తున్నాడు, పెట్టింది తింటున్నాడు. ఏమడిగినా ఆఁ అంటాడు. అవునన్నా అదే, కాదన్నా అదే. అక్కడేం జరిగిందిరా అని మేమూ అడగలేదు, అడిగితే ఏం వినాల్సొస్తుందోనని. కొన్నాళ్లకి అమ్మా, నేనూ కూడా అలాగే తయారయ్యాం. పన్ను పీకే ముందు మత్తుమందిచ్చిన చిగురు ఎలా ఉంటుందో అలా ఉండేది ఇల్లంతా. కొరుక్కున్నా తెలియదు. ఏడుద్దామన్నా రాదు.

ఆ రెండు చీటీలూ చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్క ఉత్తరం వస్తే బాగుండు వీడికి, అనుకున్నాను. నిన్ను ముగ్గురు మనుషులు చూశారు, నీలో ఏదో మంచి ఉందనుకున్నారు అని ఎవరైనా రాస్తే చాలు. వీడు గురువవుతాడని కాదు, ఆ ఆలోచనే నాకు లేదు. చదివి నవ్వుతాడో, చిరాకు పడతాడో, నాకెందుకీ గోల అని కాగితం విసిరికొడతాడో, ఏదో ఒకటి చేస్తాడు కదా అని. ఖాళీ చీటీల్లోంచి ఒకటి తీసుకున్నాను. నా రాత ఫాదర్‌గారికి తెలుసు కాబట్టి ఎడంచేత్తో వాడి పేరు రాశాను. ఖాళీవి పదయ్యాయి. మొత్తం నూట నలభై ఆరే. లెక్క ఎక్కడా తప్పలేదు.

ఏడుగురికి ఉత్తరాలొచ్చాయి. మా ఇంటికి గురువారం సాయంత్రం వచ్చింది. వాడు పనినుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివాడు. చదివి, “ముగ్గురట” అన్నాడు. అంతే అన్నాడు. తర్వాత కూర్చుని మళ్లీ చదివాడు. అమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది గానీ, తను రాసినట్టు బయటపడలేదు. తను కాక ఇంకా ఇద్దరున్నారన్న సంతోషం ఆవిడది. నా వైపు చూసి, చూశావా అన్నట్టు కళ్లెగరేసింది. నేను సూదిలో దారం ఎక్కించుకుంటూ తల వంచుకున్నాను.

భోజనాల దగ్గర వాడు నన్నడిగాడు, ఎవరై ఉంటారక్కా అని. చీటీల మీద రాసినవాళ్ల పేర్లుండవు కదరా, నాకేం తెలుసు అన్నాను. అబద్ధం అంత నున్నగా జారుతుందని నాకు తెలియదు. కానీ ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. మూడు నెలల్లో వాడు నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అది. మందు పనిచేసింది, అనుకున్నాను.

ఉత్తరాలొచ్చినవాళ్లని ఫాదర్‌గారు ఒక సాయంత్రం తన ఇంటికి భోజనానికి పిలిచారు. ఏడుగురిలో నలుగురే వెళ్లారు. మిగతావాళ్లు మొహం చాటేశారు. వెళ్లిన నలుగురిలో ఇద్దరు మళ్లీ అటు తొంగి చూడలేదు, ఒకమ్మాయి నర్సు చదువు పూర్తయ్యాక ఆలోచిస్తానంది. మా వాడు మాత్రం ప్రతి శనివారం వెళ్లడం మొదలుపెట్టాడు. పొద్దున్నే పనికెళ్లే దారిలో పూజకి ఆగేవాడు. పనిముట్ల సంచి చివరి బల్ల కింద పెట్టి, గ్రీజు మరకలు వదలని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడని వెళ్లినవాళ్లు చెప్పేవారు. అది కూడా వాళ్లకి భక్తిలాగే కనపడింది.

ఇక అమ్మని పట్టడం ఎవరి తరం. మోకాళ్ల నొప్పులని వీధిలోకే రానావిడ, చేతికర్ర పుచ్చుకుని ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చింది. వారం తిరక్కుండా గోరంత కొండంతయింది. చిన్నప్పుడే వాడు దుప్పటి కప్పుకుని పూజ చేసేవాడట, నేనెరగను. ఎవరో పెద్దావిడ వాడి చేత జపమాల తాకించుకెళ్లింది. నా దగ్గర ప్యాంటు కుట్టించుకునే ఒకాయన, కాబోయే ఫాదర్‌గారి అక్కయ్యగారూ, కాస్త తొందరగా ఇప్పించండి అని వరస కలిపాడు. కాళ్ల బూట్లు కూడా సరిగ్గా తుడుచుకోనివాడికి అప్పుడే గుడి కట్టేశారు. నవ్వు రావాల్సిన చోట నాకు నవ్వు రాలేదు. మిషను మీద వంగి కుట్టుకుంటూ పోయాను.

ఒక సాయంత్రం వాడు నా గదిలోకొచ్చి, నేల మీద కూర్చుని, చిన్న చిన్న గుడ్డముక్కలు ఏరి డబ్బాలో వేస్తూ తనంతట తనే మాట్లాడాడు. రోడ్డు మీద నడుస్తుంటే మనుషుల మొహాలు చూస్తున్నాడట ఈమధ్య. రొట్టెలమ్మే ఆయన్ని, పోస్టుమ్యాన్‌ని, బస్సులో పక్కన కూర్చున్నవాణ్ని. ఆ ముగ్గురిలో వీళ్లెవరైనా ఉన్నారేమోనని.

“ఈయనొకడేమో అనుకుంటే ఎవరి మీదా విసుక్కోబుద్ధి కావట్లేదక్కా” అన్నాడు. “మేస్త్రి పోయాక నాకు ఎవరి మొహమూ కనపడేది కాదు. ఇప్పుడు కనపడుతున్నారు.”

ఆ మాటకి నా పాదం మిషను మీద ఆగిపోయింది. ఏమైందన్నాడు. దారం తెగిందన్నాను. తెగలేదు.

ఇంకో పది రోజులకి వాడు ఫాదర్లని తయారుచేసే గురువిద్యాలయంలో చేరతానన్నాడు. మొదట ఒక ఏడాది చూస్తారు, తర్వాత తొమ్మిదేళ్ల చదువు. బిషప్ మేత్రాణులవారి తరఫున ఒకాయన వచ్చి మాట్లాడి వెళ్లారు. డాక్టరు పరీక్షలయ్యాయి. కంపెనీలో ఈ వేసవి ఆఖరుకి మానేస్తానని చెప్పేశాడు. నాకు గుండె ఝల్లుమనలేదు. ఝల్లుమని ఉంటే బాగుండేదేమో. లోపల ఏదో బండరాయి కుదురుగా సర్దుకుని కూర్చున్నట్టయింది, అంతే. పని చేసుకున్నాను, తిన్నాను, అమ్మ మోకాళ్లకి మందు రాశాను. శనివారం వెళ్లి పాపసంకీర్తనానికి వరసలో నిలబడ్డాను.

తెర అవతల ఫాదర్‌గారి దగ్గు వినపడింది. మామూలు పాపాలు రెండు మూడు చెప్పి దారి చేసుకున్నాను. ఆ తర్వాత, చీటీల్లో ఒకటి నేను రాశాను ఫాదర్ అన్నాను. అందరూ రాశారు కదమ్మా, నీకూ ఒక చీటీ ఇచ్చాం కదా అన్నారాయన. నేను లెక్కపెట్టాక రాశానన్నాను.

“మీ తమ్ముడు గురువు కావాలని రాశావా?”

“కాదు ఫాదర్. ఉత్తరం రావాలని.”

దొంగ చీటీకి క్షమాపణ తేలికేనమ్మా, ఇస్తాను అన్నారు. ఇచ్చారు కూడా. వెళ్లబోతుంటే మాత్రం ఆపి, “ఇది ప్రాయశ్చిత్తంగా చెప్పడం లేదు, మర్యాదగా చెబుతున్నాను. అతను తన జీవితం లెక్కేసుకుంటున్నాడు. అంకెలు సరైనవి ఇవ్వాలి కదా” అన్నారు. పాపసంకీర్తనంలో విన్నది కాబట్టి ఆయన ఇక ఆ సంగతి ఎవరితోనూ అనకూడదు, అతనితో కూడా, నాతో కూడా. అనలేదు. మర్నాడు పూజ అవగానే అంచు ఊడిన వస్త్రం ఒకటి నా చేతిలో పెట్టి, బుధవారానికి కావాలమ్మా అన్నారు, ఏమీ ఎరగనట్టు.

చెబుదామని ఎన్నిసార్లు నోటిదాకా తెచ్చుకున్నానో, ప్రతిసారీ నీళ్లు నమిలాను. భయం వల్ల కాదు, భయమైతే సులువుగా ఉండేది. చెబితే వాడు ఆగిపోతాడు. వాడు ఆగిపోవాలని నాకుంది. ఆ సంగతి నాకు తెలుసు. కాబట్టి ఇప్పుడు నేను నిజం చెప్పినా అది నిజం కోసం చెప్పినట్టు కాదు, వాణ్ని ఇంట్లో కట్టేసుకోవడానికి చెప్పినట్టే. మొదటిసారి వాడి మంచికని అబద్ధం రాశాను. ఈసారి నా మంచికని నిజం చెప్పాలి. రెండింటిలో ఏది ఎక్కువ సిగ్గుమాలిన పనో తేల్చుకోలేక రోజులు గడిపేశాను. అవతల వాడు రోజురోజుకీ మనిషవుతున్నాడు. ఇంకో ముద్ద పెట్టమంటున్నాడు. అమ్మ కర్ర దాచేసి ఏడిపిస్తున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కర్టెన్లకి కొలతలు తీసుకోవడానికి ఒక ఐదంతస్తుల భవనానికి వెళ్లాను. మూడో అంతస్తులో కొలతలు రాసుకుని బయటికొచ్చేసరికి లిఫ్టు ఆగిపోయింది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుంది. లోపల ఆ పైన ఉండే ఒక ముసలాయన, రిటైరైన గుమస్తా, ఉన్నాడు. తలుపు మీద దబదబా బాదుతూ అందరి తాతముత్తాతల్నీ తలుచుకుంటున్నాడు. మెట్ల మీద జనం పోగయ్యారు. కాసేపటికి కింద నుంచి సంచి భుజాన వేసుకుని మా తమ్ముడొచ్చాడు. ఆ భవనం వాళ్ల కంపెనీ చూసేదని నాకు తెలియదు. నేను పై మెట్ల మలుపులో, టేపు మెడలో వేసుకుని నిలబడ్డాను. వాడు నన్ను చూడలేదు.

లిఫ్టుని చేత్తో తిప్పి అంతస్తు దాకా తేవాలంటే డాబా మీది మోటారు గదిలోకి వెళ్లాలి. ఆ గది తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది, వాచ్‌మన్ ఊరి అవతలి చివర ఉన్నాడు. మా వాడు ఒక మనిషిని అటు పంపి, మిగతావాళ్లని మీ పనులు చూసుకోండని పంపేశాడు. అప్పుడు సంచి పక్కన పెట్టి, ఆ తలుపుకి వీపు ఆనించి నేల మీద చతికిలబడ్డాడు.

“అయ్యా, తాళం కోసం మనిషి వెళ్లాడు. ముప్పావుగంట పట్టొచ్చు. నేను తలుపు దగ్గరే కూర్చున్నాను” అన్నాడు.

లోపలాయన వాణ్ని తిట్టాడు, కంపెనీని తిట్టాడు, భవనం కట్టినవాణ్ని తిట్టాడు. వీడు ఎదురు చెప్పలేదు. భయపడకండి అనలేదు, ఏమీ కాదు అనలేదు. సెల్‌ఫోను తియ్యలేదు. ఊరికే కూర్చున్నాడు. తిట్లు అయిపోయాక లోపల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆ గొంతే, కానీ బాగా తగ్గి, “ఉన్నావా?” అంది.

“ఉన్నాను” అన్నాడు.

మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ ఆ ప్రశ్న, మళ్లీ అదే జవాబు. మధ్యలో ముసలాయన ఏదేదో చెప్పుకున్నాడు, పోయిన భార్య గురించి కాబోలు, నాకు సరిగ్గా వినపడలేదు. వీడు ఊఁ కొట్టాడు. ఐదారు నిమిషాలకోసారి ఉన్నావా అని అడుగుతూనే ఉన్నాడాయన, పొద్దుపోయాక చంటిపిల్లాడు అమ్మని అడిగినట్టు. వీడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఒక్కసారి కూడా ఆలస్యంగా జవాబివ్వలేదు. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆ గుంతలో మేస్త్రి కూడా ఇలాగే అడిగి ఉంటాడని నాకప్పుడు తట్టింది. వీడు ఇలాగే చెప్పి ఉంటాడు, ఆయన అడగడం ఆగిపోయేదాకా.

తాళం వచ్చింది. వాడు పైకెళ్లి చక్రం తిప్పాడు. లిఫ్టు జానెడు జానెడు లేచి అంతస్తు దగ్గర ఆగింది. దిగొచ్చి తలుపు తీశాడు. ముసలాయన చెమటకి తడిసిన కాలరు సర్దుకుని, ఇంతసేపా అని వాణ్ని తాళం తెచ్చినవాళ్ల ముందే గదమాయించి, మెట్లెక్కి వెళ్లిపోయాడు. నా పక్క నుంచే వెళ్లాడు. కింద మా వాడు తనలో తాను నవ్వుకుంటూ సంచి సర్దుకున్నాడు.

వాడు వెళ్లేదాకా నేను కదల్లేదు. వీడు పనికొస్తాడు, అనుకున్నాను. ఆ గుండ్రటి రాత రాసిన మనిషెవరో గానీ సరిగ్గానే రాశారు. ఆ సంగతి తెలిసినందుకు నాకు సంతోషం కలగలేదు. వాడు నటిస్తున్నాడనో, దుఃఖంలో ఏదో ఒకటి పట్టుకున్నాడనో, నాలుగు నెలల్లో తిరిగొచ్చేస్తాడనో అప్పటిదాకా నాకు నేను చెప్పుకున్నవన్నీ ఆ మెట్ల మీదే పోయాయి.

ప్రయాణం బుధవారం. ఆ ముందరి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ లోపల కాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకుంది. గురువిద్యాలయం నుంచి ఒక జాబితా వచ్చింది. ప్రతి బట్ట మీదా వాడి నంబరు ఉండాలట, అందరివీ కలిపి ఉతుకుతారు కాబట్టి. వాడికి ముప్పై ఎనిమిది ఇచ్చారు. తెల్లటి నాడా మీద ఎర్ర దారంతో అంకె వేసి, ముక్కలు కత్తిరించి, చొక్కాల కాలర్ల లోపల, తువ్వాళ్ల మూలల్లో, దుప్పట్ల అంచుల్లో ఒక్కొక్కటే కుడుతున్నాను. మేజోళ్లకి కూడా. వాడు కింద కూర్చుని అయినవి మడతపెట్టి పెట్టెలో సర్దుతున్నాడు.

మొదటి రోజు ఒక్కొక్కరే లేచి నిలబడి, తమకి పిలుపు ఎలా వచ్చిందో అందరి ముందూ చెప్పాలట. వాడికి నలుగురిలో మాట్లాడటం చేతకాదు. ఎలా ఉందో విని చెప్పు అని నా ముందు లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, అప్పజెప్పడం మొదలుపెట్టాడు. నేను లిఫ్టు మెకానిక్‌ని, అన్నాడు. మా మేస్త్రి పోయాక నాకు ఏదీ పట్టలేదు, అన్నాడు. అలాంటప్పుడు మా చర్చిలో ముగ్గురు మనుషులు, వాళ్లెవరో నాకు తెలియదు, అని ఆగి ఊపిరి తీసుకున్నాడు.

“ముగ్గురు కాదు” అన్నాను.

ఏమిటన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

“ఇద్దరు. మూడో చీటీ నేను రాశాను. లెక్కపెడుతున్నప్పుడు నీకు రెండే వచ్చాయి. ఖాళీ చీటీ ఒకటి తీసి, ఎడంచేత్తో రాశాను.”

వాడు కూర్చున్నాడు. పక్కనున్న తువ్వాలు తీసి మడత పెట్టాడు, విప్పి మళ్లీ పెట్టాడు. “అయితే ఇద్దరే అన్నమాట” అన్నాడు.

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ మొదలుపెట్టాక లెక్క సగంలో వదలడం నాకు చేతకాదు. “అందులో ఒకటి అమ్మది” అన్నాను.

“అయితే ఒక్కరు.”

ఎందుకు రాశానో చెప్పాను. ఉత్తరం వస్తే కాస్త తేరుకుంటావని రాశాను, ఇంతదాకా వస్తుందనుకోలేదు, తర్వాత చెప్పలేకపోయాను అన్నాను. క్షమించమని అడగలేదు, ఆ మాట నోరు దాటలేదు. వాడు విన్నాడు. వింటుండగా చలికాలంలోని ఆ మొహం మళ్లీ వచ్చింది. కళ్లు నా మీదే ఉన్నాయి, నేను మాత్రం కనపడటం లేదు. ఆఁ అంటాడేమోనని ఎదురుచూశాను. అదే అని ఉంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని.

“నువ్వు రాసినప్పుడు అనుకున్నావా అక్కా, నేను దీనికి పనికొస్తానని?” అన్నాడు చివరికి.

“లేదు.”

“ఉత్తరం కోసమే.”

“ఉత్తరం కోసమే.”

తువ్వాలు పెట్టెలో పెట్టాడు. అటే చూస్తూ, “ఇప్పుడు?” అన్నాడు.

అది అడుగుతాడని నేననుకోలేదు. లేదు అంటే చాలు. వాడు నమ్ముతాడు, నిజం ఇప్పుడే చెప్పినదాన్ని కదా. పెట్టెలోవి బయటికి తీస్తాడు, రేపు వెళ్లి కంపెనీలో మానడం లేదని చెబుతాడు. అమ్మ ఒక వారం ఏడ్చి అలవాటు పడుతుంది. సాయంత్రం ఆరింటికి గుమ్మంలో బూట్ల చప్పుడు అవుతుంది, ఎప్పటిలాగే. నేను అబద్ధం చెప్పానని నిరూపించేవాళ్లు లోకంలో ఎవరూ ఉండరు. నా తమ్ముడు నాకు కావాలి. వాణ్ని ఎత్తుకు పెంచాను, వాడు కాకుండా నాకు ఇంకెవరూ లేరు. ఈ మాట ఫాదర్‌గారితో కూడా అనలేదు. ఆ చొక్కాల మధ్య కూర్చుని, లేదన్న ఆ ఒక్క ముక్కా అనడానికి నోరు తెరిచాను కూడా.

“పనికొస్తావు” అన్నాను.

వాడు తలెత్తి చూశాడు. లిఫ్టు దగ్గర చూశానని నేను చెప్పలేదు, ఎలా తెలుసని వాడూ అడగలేదు. “ఇది కూడా దేనికోసమో అనట్లేదు కదా?” అన్నాడు.

“నా కోసమైతే లేదనేదాన్ని.”

లోపల అమ్మ అటు నుంచి ఇటు ఒత్తిగిలిన చప్పుడైంది. ఆ మొహం పోలేదు గానీ, అందులోంచి వాడు నన్ను చూశాడు. నన్నే చూశాడు, సందేహం లేదు. అప్పుడు చెయ్యి చాచి, కుర్చీ మీద మిగిలిన చొక్కాలు తీసి నా ఒళ్లో పెట్టాడు.

“కానివ్వక్కా. ఇంకా నాలుగున్నాయి” అన్నాడు.

మొదటిదానికి నంబరు కుట్టాను. రెండోదానికి కుడుతుండగా ఏడుపొచ్చింది. చలికాలం నుంచీ రానిదంతా, మేస్త్రి కోసం ఏడవాల్సింది కూడా, అప్పుడే వచ్చింది. చప్పుడు చేస్తే అమ్మ లేస్తుందని నోరు బిగించుకుని కుట్టాను. వాడు చూశాడు. దారం తెంపడానికి కత్తెర వెతుక్కుంటుంటే అందించాడు. నాలుగూ పూర్తి చేసి ఇచ్చాను. బుధవారం పొద్దున్న వాటిలోంచే ఒకటి తొడుక్కుని వెళ్లాడు.